ఫోను పర్సు: షోకా, మన్నికా?

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర, మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు ఫోను తీసి బల్లమీద పెట్టాడు. ఫోనుని ఎవరూ పట్టించుకోలేదు గానీ దాని తొడుగు చూసి అందరూ ఓ క్షణం తినడం ఆపారు. తేనెరంగు లెదరు. ముట్టుకుంటే వెన్నముద్దలా వుంది. లోపల నాలుగు కార్డులకి అరలు, మూస్తే టక్కుమని అయస్కాంతం చప్పుడు. "ఎంత?" అని ఒకరు, "ఎక్కడ కొన్నావ్?" అని ఇంకొకరు. మూడువేల రెండొందలట. నేను మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి, ఫోను కూర్చునే ప్లాస్టిక్ తొట్టె మూలని గోటితో నొక్కి చూశాను. ఆ తర్వాత కార్డు ఒకటి సగం బయటికి లాగి, తలకిందులు చేసి ఊపాను. సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టేవాణ్ణి చూసినట్టు చూశాడు పాపం నావైపు :)

నాకీ పళ్ళు లెక్కపెట్టే అలవాటు ఊరికే రాలేదండీ. ఆరేళ్ళలో మూడు ఫోను పర్సులు మార్చాను. వాలెట్టు అనాలేమో, కానీ మా ఇంట్లో ఏదైనా పర్సే కాబట్టి నేనూ అలాగే అంటాను. మొదటి రెండూ కొన్నప్పుడు నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: "బావుందా?" అని. మూడోదాని దగ్గరికొచ్చేసరికి ప్రశ్న మారింది. మారడానికి కారణం ఒక రాత్రి. అది చెప్పేముందు మొదటిదాని సంగతి చెప్పాలి.

2019లో ఉద్యోగంలో చేరిన కొత్త. అబిడ్స్ జగదీష్ మార్కెట్లో నల్లటి ఫ్లిప్ కవరు ఒకటి, 450 చెప్తే 300కి బేరమాడి తెచ్చుకున్నాను. లోపలివైపు బంగారురంగు అక్షరాల్లో 'జెన్యూన్ లెదర్' అని అచ్చు. 300కి నిజమైన లెదరు ఎలా వస్తుందని ఇంజనీరింగ్ చదివిన బుర్రకి తట్టలేదు మరి. ఏడాది తిరక్కుండానే లాక్‌డౌన్. ల్యాప్‌టాప్ పట్టుకుని ఏలూరు వెళ్ళిపోయాను. ఇంట్లో వుండేవాడికి పర్సెందుకు? తీసి బీరువాలో పడేశాను. 2021 వర్షాకాలంలో ఏదో వెతుకుతుంటే కనబడింది. చేత్తో పట్టుకోగానే ఎండిన పుండుమీద పొక్కు లేచినట్టు పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడి వేళ్ళకి అంటుకుంది. కింద చూస్తే తెల్లటి బట్ట!

"వాడకుండా దాచినా పాడైపోయిందేంట్రా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయి, ఆనక కాస్త చదివాను. అది లెదరు కాదు. బట్టమీద పాలీయురెథేన్ పూత. 'పీయూ లెదర్' అని ముద్దుగా పిలుస్తారు. ఈమధ్య 'వీగన్ లెదర్' అని ఇంకా ముద్దుపేరు పెట్టారు, ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇదో, పీవీసీయో. గాలిలో తేమా, వేడీ కలిసి ఆ పూతలోని రసాయన బంధాల్ని మెల్లగా తెంపేస్తాయి. హైడ్రాలిసిస్ అంటారు. దీనికి వాడకంతో పనిలేదు. అంటే జాగ్రత్తగా దాచుకున్నాం కదా అని సంతోషించే వీల్లేదన్నమాట. కోస్తా జిల్లాల్లో బీరువాలో పెట్టిన హ్యాండు బ్యాగులు, బూట్లు పెళ్ళికి తీసేసరికి పెచ్చులూడటం మీ ఇళ్ళల్లోనూ చూసే వుంటారు. కారణం ఇదే.

సరే, చౌకది కొనడం వల్ల ఇలా అయింది, ఈసారి మంచిది కొంటే సరి అనుకున్నాను. అక్కడే తప్పులో కాలేశాను. ఎందుకంటే 'మంచిది' అంటే 'ఖరీదైనది' అని అనుకున్నాను, 'ఖరీదైనది' అంటే 'అందంగా వున్నది' అని అనుకున్నాను. ఒక తప్పుమీద ఇంకో తప్పు.

2022లో మళ్ళీ ఆఫీసులు తెరిచాక హైదరాబాదు వచ్చేశాను. మూడువేలు పెట్టి రెండో పర్సు కొన్నాను. ఇది నిజం లెదరే, అనుమానం లేదు. గొర్రెపిల్ల తోలు, నాపా అంటారు. పట్టుబట్టలా పల్చగా, మెత్తగా వుండేది. నాలుగు కార్డులు పెట్టినా జేబులో ఎత్తు తెలిసేది కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దాన్ని చేతిలో పట్టుకుని మీటింగుకి వెళ్తే నాకే కాస్త ఛాతీ వెడల్పయినట్టుండేది.

అదే ఏడాది అక్టోబరులో నాన్న నా దగ్గరికి వచ్చారు. ఒక రాత్రి పదకొండింటికి కడుపులో నొప్పని మెలికలు తిరిగిపోయారు. పిత్తాశయంలో రాళ్ళని తర్వాత తేలింది గానీ, ఆ క్షణంలో గుండెనొప్పే అనుకున్నాం. ఆటోలో దగ్గర్లో వున్న ఆసుపత్రికి తీసికెళ్ళాను. లోపలికి తీసుకున్నారు. కౌంటరు దగ్గర ఇరవైవేలు కట్టమన్నారు. స్కాన్ చేద్దామని జేబులోంచి పర్సు లాగి తెరిచాను. తెరవగానే ప్లాస్టిక్ తొట్టె పైమూల పుటుక్కుమంది, ఫోను జారి గ్రానైటు నేలమీద బోర్లా పడింది. తీసి చూస్తే తెర నల్లగా, ఒక మూల ఆకుపచ్చ గీత. యూపీఐ పోయె.

కార్డుంది కదా అని అరలోకి వేలు పెట్టాను. పైనున్న డ్రైవింగ్ లైసెన్సు వుంది, కిందున్న క్రెడిట్ కార్డు కాలం చెల్లినది, డెబిట్ కార్డు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలీదు. (రెండ్రోజుల తర్వాత సోఫా సందులో దొరికింది.) ఎవరికైనా ఫోన్ చేద్దామంటే నెంబర్లన్నీ చచ్చిన ఫోనులో. మా అక్క నెంబరు కూడా నాకు నోటికి రాదు. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, పిల్లాడిలా కౌంటరు ముందు నిలబడిపోయాను.

లోపలికి వెళ్తే నాన్న నొప్పితోనే నా మొహం చూసి, "ఏరా, డబ్బు అందలేదా?" అన్నారు. తలగడ పక్కన పెట్టిన తన ప్యాంటు జేబు చూపించారు. అందులో ఆయన పర్సు. 1998లో ఏదో ట్రైనింగుకి మద్రాసు వెళ్ళినప్పుడు కొన్నది. మూలలు అరిగి నల్లబడి, కార్డు ఆకారం పైకి అచ్చుపడి, కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. లోపల ఆయన డెబిట్ కార్డు, ఎంత ఊపినా ఊడిరానంత బిగుతుగా. పిన్ను నాలుగంకెలూ నా చెవిలో చెప్పారు. కట్టేశాను. వారం తర్వాత ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బాగానే వున్నారు. కానీ ఆ రాత్రి కారిడార్‌లో కూర్చుని ఒక చేతిలో నా మూడువేల పర్సు, ఇంకో చేతిలో ఇరవై నాలుగేళ్ళ ఆ పాత పర్సు పెట్టుకుని చాలాసేపు చూశాను.

మన వృత్తిలో ఏదైనా కూలిపోతే మర్నాడు కూర్చుని ఎందుకు కూలిందో రాసుకుంటాం కదా. నేనూ రాసుకున్నాను. రెండు వైఫల్యాలు. ఒకటి, తొట్టె మూల విరగడం. రెండు, అర వదులై కార్డు జారడం. లెదరు మాత్రం చెక్కుచెదరలేదు! పైన ఒక గీత కూడా లేదు. దుకాణంలో నేను ముట్టుకుని, వాసన చూసి, మురిసిపోయిన భాగం భేషుగ్గా వుంది. నేను చూడనివే పోయాయి.

ఇంకాస్త తవ్వితే, రెండు వైఫల్యాలకీ మూలం షోకే అని తేలింది. పర్సు పల్చగా కనబడాలి కాబట్టి తొట్టె పల్చగా చేశారు. మూలల దగ్గర మరీ పల్చన. ఇక అరల సంగతి. బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ప్రపంచమంతా అదే కొలత. నాలుగు పెడితే మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. గొర్రెపిల్ల తోలు మెత్తగా వుండేదే సాగేగుణం వల్ల. అంత మందాన్ని లోపల ఇరికిస్తే అది సాగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. నెలపాటు నాలుగు పెట్టి, తర్వాత రెండు పెట్టామంటే ఆ రెండూ గంపలో గోలీల్లా ఆడతాయి. ముట్టుకోగానే మనసు దోచిన గుణమే కార్డుని జారవిడిచింది.

ఇంకో లెక్క కూడా వేశాను. నేను రోజుకి ఫోను ఎన్నిసార్లు తెరుస్తానో ఒకరోజు లెక్కపెట్టాను. 80 దాటింది. సిగ్గుపడాల్సిన విషయమే, వదిలేద్దాం. రోజుకి 80 అంటే ఏడాదికి 29,200 సార్లు ఆ మడత వంగి లేస్తోంది. మామూలు పర్సు రోజుకి ఐదారుసార్లు తెరుస్తాం. నాన్న పర్సు ఇరవై నాలుగేళ్ళు బతికింది అంటే గొప్పే, కానీ అది అన్నేళ్ళలో వంగినన్ని సార్లు నా ఫోను పర్సు రెండేళ్ళలోపే వంగుతుంది. అంచేత 'నిజమైన లెదరైతే జీవితకాలం వస్తుంది' అని దుకాణాలవాళ్ళు చెప్పే మాట ఫోను పర్సుకి నేరుగా వర్తించదు. ఆ జీవితం మడత దగ్గర, కుట్టు దగ్గర, జిగురు దగ్గర తేలుతుంది.

కుట్టు అన్నాను కాబట్టి అదీ చెప్తాను. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని వుంటాయి. ఒకచోట తెగితే పక్కవి కూడా మెల్లగా వదులవుతాయి. చేతికుట్టులో ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒక కుట్టు తెగినా మిగతావి నిలబడతాయి. మా నాన్న పర్సు రెండుసార్లు తెగింది, రెండుసార్లూ తెగినచోట మాత్రమే కుట్టించుకున్నారు. అంచులు కూడా చూడండి. తోలు అంచుకి రంగు పూసి మెరిపించినవి కొత్తలో చాలా నాజూగ్గా వుంటాయి. ఆర్నెల్లకి ఆ రంగు పగిలి, ఎండిన గోరింటాకులా రాలుతుంది. తోలుని లోపలికి మడిచి కుట్టినవీ, అంచుని రాపిడి చేసి నునుపు చేసినవీ అంత మెరవవు గానీ నిలబడతాయి.

ఇక లేబుళ్ళు. 'జెన్యూన్ లెదర్' అంటే అర్థం ఏంటో తెలుసా? 'ఇది తోలే' అని, అంతే. ఏ పొరో చెప్పదు. జంతువు చర్మంలో పైపొర గట్టిది, దాని నారలు చిక్కగా అల్లుకుని వుంటాయి. ఆ పైపొరని అలాగే వుంచితే ఫుల్ గ్రెయిన్. పైన కాస్త గీకి మచ్చలు పోగొడితే టాప్ గ్రెయిన్. కింద మిగిలిన పొర స్ప్లిట్, దానిమీద రంగుపూత వేసి, పైపొరలాగా గీతలు అచ్చొత్తి అమ్ముతారు. అదీ జెన్యూన్ లెదరే, చట్టానికి అబద్ధం లేదు. తోలు ముక్కల పొడిని జిగురుతో కలిపి అట్టలా చేస్తే బాండెడ్ లెదర్. ఫోను పర్సు లాంటి రోజుకి ఎనభైసార్లు వంగే వస్తువుకి అది పనికిరాదు గాక పనికిరాదు. తేడా కనిపెట్టడం ఎలా అంటే వాసన నమ్మకండి, వాసన కూడా పూసేస్తున్నారు. లోపల ఎక్కడైనా కత్తిరించిన అంచు కనిపిస్తే చూడండి, నారలుగా వుంటే తోలు, బట్టపోగులు కనిపిస్తే పూత. వేలితో నొక్కితే సన్నటి ముడతలు రకరకాలుగా పడితే మంచిది, బొమ్మలా ఒకేలా గుంటపడితే అనుమానించాల్సిందే.

తోలుని పదును చేసే పద్ధతి కూడా ముఖ్యమే. ఇవాళ ప్రపంచంలో తోలులో ఎక్కువభాగం క్రోమియం లవణాలతో పదును చేసేదే. ఒక్కరోజులో అయిపోతుంది, మెత్తగా వుంటుంది, నీటికి కాస్త తట్టుకుంటుంది. పాత పద్ధతి చెట్టు బెరడుతో. వారాలు పడుతుంది, గట్టిగా వుంటుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. మనవైపు ఆ పనికి వాడిన బెరడు ఏ చెట్టుదో తెలుసా? తంగేడు! బతుకమ్మలో పేర్చే తంగేడే, తెలంగాణ రాష్ట్రపుష్పం తంగేడే. దక్షిణాది తంగేడు చెక్కతోనూ, ఆ తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ చెక్కతోనూ, చివర్లో కరక్కాయతోనూ పదును చేసిన తోలు 'ఈస్ట్ ఇండియా లెదర్' పేరుతో ఓడలెక్కింది. దానికి తమిళనాడు పేరిట భౌగోళిక గుర్తింపు కూడా వుంది. మన ఊళ్ళల్లో ఆ తోళ్ళు నానబెట్టే తొట్టిని లంద అనేవారు. లంద వాసనని ఊరి బయట పెట్టి, ఆ పని చేసేవాళ్ళని కూడా ఊరి బయటే పెట్టి, ఇవాళ 'వెజిటబుల్ టాన్డ్, హ్యాండ్ క్రాఫ్టెడ్' అని ఇంగ్లీషులో రాసుంటే మూడింతలు ధర పెట్టి కొంటున్నాం. దీనిగురించి మళ్ళీ వస్తాను.

ఇంతదాకా చదివి 'అయితే షోకు వద్దు, మన్నికే ముఖ్యం అంటావు, అంతేగా' అనుకుంటున్నారేమో. కాదండీ. రోజుకి ఎనభైసార్లు చూసే వస్తువు అందంగా వుండాలనుకోవడంలో తప్పేం లేదు. మా నాన్న తరం 'షోకు' అనే మాటని తిట్టులా వాడేవారు, నేనలా వాడను. నా గొడవ వేరే. మనం కొనేటప్పుడు చూసే అందం మొదటిరోజు అందం. రెండో ఏడు ఎలా వుంటుందో అడగం. పైపూత మెరుపు మొదటిరోజే ఎక్కువ, ఆ తర్వాత తగ్గడమే. బెరడుతో పదును చేసిన తోలు మొదటిరోజు పెద్ద బావుండదు, పచ్చి బిస్కెట్‌లా పాలిపోయి వుంటుంది. గీతలు పడతాయి, నీటిచుక్క మరక నిలుస్తుంది, జీన్సు నీలం అంటుకుంటుంది. ఏడాది తర్వాత అవన్నీ కలిసిపోయి ఒక రంగొస్తుంది. కానీ అది అందరికీ నచ్చదు, నచ్చాలని రూలేం లేదు. క్లయింటు ముందు ఎప్పుడూ కొత్తగా వుండాలనుకునేవాళ్ళు క్రోమ్ తోలే కొనుక్కోండి, టాప్ గ్రెయిన్‌ది. అది కూడా గౌరవంగానే ముసలిదవుతుంది.

యాపిల్ వాళ్ళ సంగతి గమనించారా? 2023 సెప్టెంబరులో పర్యావరణం పేరు చెప్పి తోలు వస్తువులు ఆపేశారు. బదులుగా ఫైన్‌వోవెన్ అనే బట్టలాంటి దానితో కేసులు తెచ్చారు. గోటితో గీస్తే గీత నిలిచిపోతోందని, మరకలు పడుతున్నాయని జనం దుమ్మెత్తిపోశారు. 2024లో ఐఫోన్ 16కి వచ్చేసరికి ఆ కేసులు కనబడలేదు. వాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఏడాదికే మార్చాల్సి వచ్చే కేసు పర్యావరణానికి చేసే మేలేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయం. షోకా మన్నికా అని తూచేముందు తూచాల్సింది ఇంకోటుంది: ఈ తోలు దేనికి కట్టేసి వుంది? మంచి తోలు పదేళ్ళు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మన ఫోను మూడేళ్ళు, మహా అయితే నాలుగు. ఫలానా మోడలుకి కొలిచి, ఫలానా కెమెరాకి రంధ్రం కోసి చేసిన పర్సు ఎంత గొప్ప తోలుతో చేసినా ఆ ఫోనుతోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. కొత్త ఫోను రెండు మిల్లీమీటర్లు పొడుగొస్తుంది, కెమెరా ఇంకోవైపుకి జరుగుతుంది, అంతే. ఇంకో పన్నెండేళ్ళు బతికే తోలు డ్రాయరులో శవంలా పడుంటుంది. కోడులో రెండు భాగాల్ని విడదీయలేనంతగా ముడేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఒకటి మార్చాలంటే రెండూ మార్చాలి.

కాబట్టి నా లెక్క ఇది. ఫోను మోడలుకి కట్టేసిన పర్సు కొంటుంటే మన్నిక కోసం వేలు పోయకండి. మూడేళ్ళు నిలిస్తే చాలు. తొట్టె మెత్తటి రబ్బరులాంటి టీపీయూదై వుండాలి, గట్టి పల్చటి ప్లాస్టిక్కు వద్దు. తర్వాత మీకు నచ్చిన రంగు, నచ్చిన షోకు. మన్నికకి డబ్బు పెట్టదలిస్తే ఫోనుతో సంబంధం లేనిదాని మీద పెట్టండి. అంటే విడిగా చిన్న కార్డు పర్సు, లేదా ఫోను దూర్చే సంచీ, లేదా వెనకాల అయస్కాంతంతో అతుక్కునే పర్సు. ఈ అయస్కాంతంవి ఫోను మారినా పనికొస్తాయి, ఆండ్రాయిడ్ వాళ్ళు చాలావరకు రింగున్న కవరు వేసుకోవాల్సి వుంటుంది. కాకపోతే బిగుతు జీన్సు జేబులోకి తోస్తుంటే పక్కకి జరిగి ఊడొస్తాయి, బస్సెక్కేటప్పుడు జాగ్రత్త. 'ఆర్ఎఫ్ఐడీ బ్లాకింగ్' అని పెద్దక్షరాలతో రాసిన వాటికి ఎక్కువ ఇవ్వకండి. పిన్ లేకుండా తాకించి కట్టే సౌకర్యాన్ని బ్యాంకు యాప్‌లోనే ఆపేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, అన్నీ ఒకేచోట పెట్టకండి. ఫోనూ, కార్డులూ, లైసెన్సూ ఒకే పర్సులో వుంటే అది పోయిననాడు కార్డు బ్లాకు చేయించడానికి ఫోనుండదు, ఫోను కొనడానికి కార్డుండదు, ఓటీపీ వచ్చే సిమ్ము ఎవరి జేబులోనో వుంటుంది. సర్వర్లు రెండుచోట్ల పెట్టాలని పోట్లాడే మనం సొంత జేబు దగ్గరికొచ్చేసరికి అన్నీ ఒకే బుట్టలో వేసి నిద్రపోతాం. నేనిప్పుడు ఫోను దగ్గర రెండు కార్డులు, వేరే జేబులో చిన్న పర్సులో ఒక కార్డు, రెండువేలు నోట్లు, ఒక కాయితంమీద అక్క నెంబరు పెట్టుకుంటున్నాను. అక్క నెంబరు బట్టీ కూడా పట్టాను లెండి :)

మూడో పర్సు సంగతి మిగిలిపోయింది. 2023 సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు నాన్న తన పర్సు కుట్టు వూడిందని నన్ను పంపారు. పవర్‌పేట స్టేషనుకి వెళ్ళే దారిలో చెట్టుకింద కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి. ఆరెతో రంధ్రం పొడిచి, మైనం రాసిన దారం రెండువైపుల్నుంచీ లాగుతూ పది నిమిషాల్లో కుట్టేశాడు. యాభై అడిగాడు. నేను నోరు తెరిచి "నలభై చేసుకో బాబాయ్" అన్నాను. అనేశాక నాకే ఏదోలా అనిపించింది. ఆన్‌లైన్లో మూడువేలకి ఒక్క రూపాయి తగ్గించమని అడిగే దిక్కులేదు, ఎవరు కుట్టారో తెలీని పర్సుకి నోరు మూసుకుని కట్టాను. కళ్ళముందు కుట్టినాయన దగ్గర పది రూపాయలకి బేరం! యాభై ఇచ్చేసి, జేబులోంచి నా విరిగిన పర్సు తీసి చూపించాను. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "గొర్రె తోలు బాబూ. ముద్దుగానే వుంటది. కార్డులకి మేకతోలు పెట్టాల, సాగదు" అన్నాడు. నేను వారం చదివి తెలుసుకున్నది ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఆయన చేతే చేయించుకున్నాను. ఫోను దూర్చుకునే సంచీ, వెనక మేకతోలుతో రెండు కార్డుల అర. మూతలేదు, అయస్కాంతం లేదు, తొట్టె లేదు. విరగడానికి ఏమీ లేదు. ఏడొందలు. రంగు ఇటుకపొడిలా వుంది, ఎడమవైపు కుట్టు ఒకచోట కాస్త వంకర పోయింది. దుకాణంలో పెడితే ఎవరూ కొనరు, నిజం చెప్పాలి. ఆఫీసులో ఒకడు "తాతగారిదా?" అన్నాడు. జేబులో రెండోదానికంటే లావుగా వుంటుంది. ఫోను తీయడానికి ఒక అరసెకను ఎక్కువ పడుతుంది. ఈ లోపాలన్నీ వున్నాయి. ఇప్పుడది తేనె, కాఫీ కలిపిన రంగుకి తిరిగింది. కార్డు తలకిందులుగా ఊపినా రాదు.

2025లో ఫోను మార్చాను. కొత్తది దాదాపు అర సెంటీమీటరు పొడుగు. సంచీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. నేను ఇంతసేపూ ఏది వద్దని చెప్పానో అదే నాకూ జరిగిందన్నమాట. మళ్ళీ కొత్తది చేయించుకుందామని ఏలూరు వెళ్ళినప్పుడు ఆయన దగ్గరికి తీసికెళ్ళాను. ఆయన ఫోను ఒకసారి పెట్టి చూసి, కింది కుట్టు విప్పాడు. లోపల అరంగుళం తోలు మడిచి వుంది. చిన్నప్పుడు మన నిక్కర్లకి, పిల్లలు పొడుగవుతారని దర్జీ కింద లోపల మడత వదిలేవాడు చూడండి, అచ్చం అలాగే. నాకు చెప్పనైనా లేదు అప్పట్లో. దాన్ని కిందికి దింపి మళ్ళీ కుట్టాడు. పాత మడత దగ్గర లేతరంగు గీత ఒకటి కనబడుతోంది, అంతే. ఎనభై అన్నాడు. వంద ఇచ్చి వుంచమంటే వినలేదు, డబ్బాలో వెతికి ఇరవై తీసి చేతిలో పెట్టాడు.